దిష్టినీళ్ళ సారు

చనిపోయిన మనిషి పేరులో ఒక ఒత్తు తప్పుగా వేసి, కింద ‘మా కుటుంబ సభ్యుడు’ అని రాయించారు. ఎల్‌బీ నగర్‌లో మా కోచింగ్ సెంటర్ రెండో అంతస్తు హాల్లో ఆ ఫ్లెక్స్ కట్టారు. ఫొటో చుట్టూ నీలం రంగు అలలు, అలల మీద ఎగురుతున్న డాల్ఫిన్లు. కుడి మూలన చేతులు జోడించి నవ్వుతూ మా డైరెక్టర్ గారు, పోయినాయన ఫొటో కన్నా కొంచెం పెద్దగా. అన్నిటికన్నా కింద, ‘కొత్త బ్యాచ్‌లకు అడ్మిషన్లు జరుగుతున్నవి’.

ఆ ఫ్లెక్స్ ప్రూఫు ముందురోజు నాకే వాట్సాప్‌లో వచ్చింది. సరిగ్గా చూడకుండానే ‘ఓకే’ అని పెట్టాను. కాబట్టి ఆ తప్పు ఒత్తు నాదే. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి పాడుచేశాం, చాలు.

నేను ఈ బ్రాంచి ఇంచార్జిని. గ్రూప్స్ పరీక్షలకు ఎకానమీ చెబుతాను. మాది నల్లగొండ దగ్గర పల్లె, ఉండేది సైదాబాద్. ఆయనది కాకినాడ వైపు. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో పర్యావరణం చెప్పేవారు. అక్కడి స్టాఫ్ రూములో నాలుగేళ్ళు మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. ఆయన సెంటర్ వదిలి వెళ్ళిపోయి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆయనతో మాట్లాడలేదు.

ఆయన్ని తలచుకుంటే ముందు పైపెదవి కుడి మూల గుర్తొస్తుంది. అసహ్యం వేసినప్పుడు అది మాత్రం కొంచెం పైకి లేచేది. ఛీ అనడం, తిట్టడం ఉండేది కాదు. ముందు క్లాసు వాళ్ళు బోర్డు సగం తుడిచి వెళ్తే లేచేది. డైరెక్టర్ పుట్టినరోజుకు పిల్లలు కేకు తీసి ఒకరి ముఖానికి ఒకరు పూసుకుంటుంటే లేచేది. ఎవరైనా వేలు తడుపుకుంటూ ఆన్సర్ షీట్లు తిప్పితే లేచేది. మేమంతా ఆ పెదవిని చూసి నవ్వుకునేవాళ్ళం. నేను దాన్ని అనుకరించి చూపించేదాన్ని కూడా. బాగా వచ్చేది నాకు.

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద మేమందరం చాయ్ తాగే కొట్టు ఒకటి ఉంది. ఆయన గ్లాసు అందుకోగానే రెండు గుక్కల చాయ్ మరో ఖాళీ గ్లాసులో పోసి, గుండ్రంగా తిప్పి పారబోసేవారు. మళ్ళీ కొంచెం పోసి తిప్పి పారబోసేవారు. మూడోసారి కూడా. అప్పుడు ఆ గ్లాసులో మిగతాది పోసుకుని తాగేవారు. చాయ్ కొట్టాయనకు అది నచ్చేది కాదు.

“ఏంది సార్, గ్లాసు మంచిగనే కడిగిన కద. సగం చాయ్ మోరీల పోస్తున్నరు?”

“నువ్వు నీళ్ళతో కడిగావు నాయనా. నేను చాయ్‌తో కడిగాను. ఇప్పుడు ఇందులో చాయ్ తప్ప ఇంకేం లేదు.”

అది పిచ్చి కాదు, అలవాటు. పన్నెండేళ్ళు ఆయన సముద్రం మీద పరిశోధన చేసే ఓడలో లాబ్ అసిస్టెంటుగా పనిచేశారు. కాంట్రాక్టు ఉద్యోగం. సముద్రంలో పైనుంచి అడుగుదాకా రకరకాల లోతుల్లో నీళ్ళు పట్టి తెస్తారట. ఆ నీళ్ళను సీసాల్లోకి దించడం ఆయన పని. ఏ లోతు నీళ్ళో ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు కడగాలి. తర్వాత సన్న గొట్టం అడుగుకు పెట్టి, చప్పుడు కాకుండా నింపాలి.

“ఒక్క బుడగ మిగిలినా ఆ నీళ్ళు అబద్ధం చెప్తాయండి మేడమ్. ఇవాళ్టి గాలి అందులోకి పోతుంది. నిండగానే పాదరసం ఉప్పు ఒక చుక్క వెయ్యాలి. విషం. లోపల బతికున్న సూక్ష్మజీవులు లెక్క మార్చెయ్యకుండా. అప్పుడు మూత బిగించి, తర్వాత తీరిగ్గా చూస్తారు, ఎంత బొగ్గుపులుసు వాయువు కరిగి ఉందో.”

కార్బన్ డయాక్సైడ్‌ను ఆయన ఎప్పుడూ బొగ్గుపులుసు వాయువు అనే అనేవారు. పాత పాఠ్యపుస్తకాల మాట. పేరులోనే పులుసు ఉంది, పిల్లలకు సగం పాఠం అక్కడే అయిపోతుంది అనేవారు.

సముద్రం అడుగునుంచి వచ్చిన సీసా గురించి చెప్పేటప్పుడు ఆయన అరచెయ్యి తెలియకుండానే ముడుచుకునేది. “పైన డెక్ మీద ఎండకి కాళ్ళు కాలిపోతుండేవండి. ఆ సీసా పట్టుకుంటే మాత్రం ఐసు. అక్కడెక్కడో ధ్రువాల దగ్గర మునిగిన నీళ్ళవి. ఆఖరిసారి గాలి పీల్చుకున్న రోజుకి ప్రపంచంలో ఒక్క ఫ్యాక్టరీ గొట్టం కూడా లేదు. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు.”

ఆ కాంట్రాక్టు అయిపోయాక సముద్రపు గాలి తగలని ఈ ఊరికి వచ్చి, ప్లైవుడ్ గోడల మధ్య మైకు పట్టుకుని, రెండు వందల మందికి పర్యావరణం చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చున్న రోజు ఒకటుంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చిటికెడు పసుపు కలిపారు. జేబులోంచి చిన్న సీసా తీసి నాలుగు చుక్కల సున్నపు తేట వేశారు. నీళ్ళు ఎర్రగా అయ్యాయి.

“సార్, దిష్టినీళ్ళు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. క్లాసంతా నవ్వు. ఆయనకు ఆ పేరు అప్పుడే పడింది.

“అవును, దిష్టినీళ్ళే. ఇదే సముద్రం అనుకోండి. ఎవరన్నా వచ్చి ఊదండి.”

ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి వచ్చి స్ట్రాతో ఊదింది. బుడగలు లేచాయి. అందరూ అరుస్తున్నారు. ఆమె బుగ్గలు ఉబ్బించి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఊదింది. చూస్తుండగానే ఎరుపు పలచబడి నీళ్ళు పసుపుపచ్చగా మారిపోయాయి. ఈలలు వేశారు.

“ఏమైంది?” అన్నారు ఆయన.

“ఆసిడ్ అయింది సార్!”

పెదవి మూల లేచింది. “కాలేదు. సున్నం ఘాటు తగ్గింది, అంతే. పులుపు వైపు జరిగింది. సముద్రం కూడా అంతే. ఇవాళ్టికీ అది క్షారమే. కానీ మన పొగ కలిసేకొద్దీ పులుపు వైపు జరుగుతోంది. ఆ ‘వైపు’ అన్న మాట రాసుకోండి. అది వదిలేస్తే మీరు రాసింది తప్పు.” గ్లాసు పైకెత్తి చూపిస్తూ, “ఆ కాస్త జరగడానికే చిన్న చిన్న జీవులకి గుల్ల కట్టుకోవడం కష్టమవుతోంది. దానికి కావలసిన సున్నం సరుకు నీళ్ళలో తగ్గిపోతోంది” అన్నారు.

ఊదిన అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది. దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి చైతన్యపురిలో హాస్టల్లో ఉండేది. స్ట్రా చేతిలోనే పట్టుకుని అడిగింది.

“సార్, మరి అది నీళ్ళలకు పోయినంక ఏమైతది? ఆడనే ఉంటదా?”

ఆయన టేబులు అంచు మీద కూర్చున్నారు. పాఠం మధ్యలో ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“కొంచెం వాయువుగానే కరిగి ఉంటుందమ్మా. చాలా మటుకు నీళ్ళతో కలిసి, ఒకరకం ఉప్పుగా మారిపోయి ఉంటుంది. కొంత, పైన తేలే కంటికి కనపడని మొక్కలు తింటాయి. వాటిని పురుగులు తింటాయి, పురుగుల్ని చేపలు తింటాయి. చచ్చినవీ, విసర్జించినవీ నూకలాగా కిందికి రాలుతూ ఉంటాయి, రాత్రీ పగలూ. ఇక చలి సముద్రాల్లో అయితే నీళ్ళే బరువెక్కి, కరిగిందాన్ని పట్టుకుని అడుక్కి దిగిపోతాయి. అక్కడ వందల ఏళ్ళు ఉంటుంది.”

“ఎప్పటికీనా సార్?”

“ఎప్పటికీ కాదు. ఎక్కడో ఒకచోట ఆ నీళ్ళు మళ్ళీ పైకొస్తాయి.”

“అంటే మల్ల మనకే ఇస్తదా?”

“కొంత ఇస్తుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది. ఎండలో పెట్టిన సోడా మూత తీసి చూడు.”

ఆమె తల ఊపి, వెళ్ళి కూర్చుని రాసుకుంది. అప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు లేచి, “సార్, గిది ఎగ్జామ్‌ల వస్తదా?” అని అడిగాడు. ఆయన గ్లాసులోని నీళ్ళు కిటికీలోంచి పారబోశారు.

మా డైరెక్టర్ గురించి కూడా చెప్పాలి. ఆంధ్ర నుంచి వచ్చిన తల్లిదండ్రులతో ‘అండీ, మీ అబ్బాయిని మాకొదిలెయ్యండి’ అంటారు. నల్లగొండ వాళ్ళొస్తే ‘అన్నా, మన పోరడే కదనే’ అంటారు. రెండు యాసలూ ఆయనవి కావు. ఒకరోజు కరెంటు పోయి బాల్కనీలో జనరేటరు నల్లటి పొగ చిమ్ముతోంది. దిష్టినీళ్ళ సారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. డైరెక్టర్ నవ్వి, “ఏంది సార్, మీ సముద్రం గుంజుకుంటది కద. ఇంక మనకేం ఫికర్?” అన్నారు.

“నాలుగో వంతు దాకా తీసుకుంటోందండి. పక్కింటాయన మీ చెత్త ఎత్తిపోస్తున్నాడని రోజూ ఆయన గుమ్మంలోనే పోస్తారా?”

“పోస్త సార్,” అన్నారు డైరెక్టర్, ఏమాత్రం ఆలోచించకుండా. “ఆయనకు ఓపిక ఉన్నన్ని రోజులు పోస్త.”

పక్కనున్న మేమందరం నవ్వాం. నేను కూడా. తర్వాత చాలాసార్లు ఆ మాట గుర్తొచ్చి నా నవ్వు మీద నాకే రోత పుట్టింది. అప్పుడు మాత్రం బాగానే నవ్వాను.

అసలు సంగతి గ్రాండ్ టెస్ట్ దగ్గర జరిగింది. ఆ ఏడాది ఒక పరీక్ష పెట్టి, మొదటి ముప్ఫై మందిని ఉచిత బ్యాచ్‌లోకి తీసుకుంటామని ఊరంతా పోస్టర్లు వేశారు. హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ సెంటరే చూసుకుంటుంది. పేపరు ఇంగ్లీషులో తయారుచేసి, తెలుగులోకి కంప్యూటర్‌తో మార్పించారు. ఎవరూ చదివి చూడలేదు. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: ‘కింది వాటిలో ప్రపంచంలో అతిపెద్ద బొగ్గు మునక ఏది?’ కార్బన్‌ను పీల్చుకుని దాచేది అనడానికి ఇంగ్లీషులో వాడే ‘సింక్’ అనే మాటకు మునగడం అనే అర్థం కూడా ఉంది. యంత్రం ఆ అర్థమే పట్టుకుంది. అడవులు, సముద్రాలు, గడ్డిభూములు, మంచుకొండలు అని నాలుగు జవాబులు ఇచ్చారు. కీలో సరైన జవాబుగా ‘అడవులు’ అని ఉంది.

పరీక్ష అయిపోయాక ఆయన ఆ పేపరు స్టాఫ్ రూములో చదివి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, తడిగుడ్డ ఎత్తినట్టు ఎత్తి డైరెక్టర్ గదిలోకి తీసుకెళ్ళారు. గోడలు ప్లైవుడ్డే కాబట్టి మాకంతా వినపడింది.

“తెలుగు ఎలాగూ తగలబడింది. జవాబన్నా సరిచెయ్యండి. సముద్రాలు.”

“సార్, జర అర్థం చేస్కోండ్రి. రిజల్ట్ ఫ్లెక్స్ ప్రింటుకు పోయింది. ముప్ఫై ఫొటోలు ఎక్కించినం.”

“దించండి.”

“ఒక్క మార్కుకు ఏమైతది సార్?”

ఏమవుతుందో ఆయనకు తెలుసు. దిష్టినీళ్ళలో ఊదిన ఆ అమ్మాయి ముప్ఫై ఒకటో స్థానంలో ఉంది. ‘సముద్రాలు’ అని రాసింది. ఆ మార్కు కలిపితే ఆమె లోపలికి వస్తుంది, ముప్ఫయ్యో స్థానంలో ఉన్న డైరెక్టర్ స్నేహితుడి కొడుకు బయటికి పోతాడు.

కీ మీద సబ్జెక్టు చెప్పే వాళ్ళు సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నారు. సాయంత్రం క్లాసు అయ్యాక డైరెక్టర్ నన్ను పిలిచారు. చాయ్ తెప్పించారు. ఫ్యాను నా వైపు తిప్పారు.

“మేడమ్, ఎల్‌బీ నగర్‌ల బ్రాంచి ఓపెన్ చేస్తున్నం. మెట్రో దిగంగనే ఎదురుంగ. నాకు నమ్మకమైన మనిషి కావాలె. మీరే చూస్కోవాలె.”

“నేనా సార్?”

“మీరు గాక ఇంకెవరు? మీ రూం, మీ బోర్డు, అంత సెపరేటు.” అని, అదే ఊపులో కాగితం నా ముందుకు జరిపారు. “గీ కీ మీద జర ఒక సంతకం. ఎకానమీల గూడ పర్యావరణం ఒక చాప్టరే కద.”

జవాబు నాకు తెలుసు. ఆయన క్లాసులో కూర్చుని విన్నాను. నా పెన్ను తీశాను, అది రాయలేదు. దాన్ని విదిలించి చూశాను. నిజంగా పెట్టకూడదనుకుంటే అప్పుడన్నా లేవొచ్చు. డైరెక్టర్ తన పెన్ను ఇచ్చారు. పెట్టాను.

మర్నాడు నోటీసు బోర్డు మీద ‘సబ్జెక్టు నిపుణుల నిర్ణయం ప్రకారం కీ సరైనదే’ అని అంటించారు. నిపుణుల పేర్లు వేయలేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. ఆయన క్లాసులో ఉన్నారు, నేనొక్కదాన్నే ఉన్నాను.

“మేడమ్, సార్ చెప్పింది తప్పా?”

తప్పు కాదు అంటే, మరి కీ ఏంది అంటుంది. తప్పు అంటే ఆయన్ని నేనే అబద్ధాలకోరును చేసినట్టు. రెండూ కాని మాట వెతికి చెప్పాను.

“ఎగ్జామ్‌ల కీ ఏం చెప్తె అదే కరెక్టమ్మా. మనం గట్లనే అలవాటు చేస్కోవాలె.”

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. “సరే మేడమ్” అని వెళ్ళిపోయింది. ఆ శనివారం హాస్టలు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

నోటీసు పెట్టిన మూడోరోజు ఆయన చాయ్ కొట్టు దగ్గర నా పక్కన వచ్చి నిలబడ్డారు.

“సంతకం మీరు పెట్టారా మేడమ్?”

“సార్, ఒక్క మార్కు...”

“మార్కు సంగతి అడగలేదమ్మా. జవాబు మీకు తెలుసు కదా?”

“తెలుసు సార్.”

“తెలిసే పెట్టారు.”

అది ప్రశ్న కాదు. నేను ఆయన పెదవి వైపు చూశాను. అది లేస్తుందనుకున్నాను, లేవాలనే కోరుకున్నాను. లేవలేదు. మురికి బోర్డుకు లేచేది, కేకుకు లేచేది, నాకు లేవలేదు. చేతిలోని గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి రోడ్డు దాటి వెళ్ళిపోయారు. చాయ్ నిండుగా ఉంది.

ఆ రోజు ఆయన ప్రతి బ్యాచ్‌లోనూ ఆ ప్రశ్నను మంచి తెలుగులో బోర్డు మీద రాసి, జవాబు రాసి, ఎందుకో చెప్పి, కీ తప్పని చెప్పారు. సాయంత్రం డైరెక్టర్ క్షమాపణ చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీ. ఆయన నోట్సును మాత్రం సెంటరు పేరుతో పుస్తకం వేశారు. అందులో ‘సముద్రం ఆమ్లంగా మారింది’ అని ఉంది. ‘వైపు’ లేదు. పుస్తకం ఇప్పటికీ మా కౌంటర్లో అమ్ముతున్నారు.

ఆయన ఇల్లు కూడా సైదాబాద్‌లోనే, మా ఇంటికి నాలుగు వీధులవతల. ఆ వీధి తప్పించి ఆరేళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళాను. ఒకసారి కూరగాయల బండి దగ్గర దూరంనుంచి ఆయన వీపు కనపడితే, బెండకాయలు సంచీలో వేయించుకోకుండానే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకున్నాను. తలనొప్పి లేదు.

కిందటి నెల గుండె ఆగి పోయారు. దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళు ఫోన్లలో గ్రూపుల నిండా ఆయన గురించి రాసుకున్నారు. మా డైరెక్టర్ అవి చూశారు. కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే వారం అది. “మేడమ్, మన సారే కద. మంచిగ సంతాప సభ పెడదాం, మీ బ్రాంచిల. హాలు నిండాలె” అన్నారు.

హాలు నిండింది. ప్లాస్టిక్ బంతిపూల దండ, అగరొత్తుల పొగ, ఏసీ చల్లదనం, సమోసాల వాసన. ఆయన భార్యను తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి ఫొటో తీశారు. ఆవిడ భుజం మీంచి శాలువా తీసి, మడిచి పక్క కుర్చీలో పెట్టారు.

విద్యార్థుల తరఫున మాట్లాడటానికి ఖాకీ యూనిఫాంలో ఒకామె లేచింది. ఆ అమ్మాయే. ఇప్పుడు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. కింద గేటు దగ్గర మా సెంటర్ విజేతల బోర్డు మీద ఆమె ఫొటో ఉంది. నా బ్రాంచి బోర్డే. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

“కింద బోర్డు మీద నా ఫొటో పెట్టిన్రు. నేను ఈ సెంటర్ల చదివింది రెండు నెలలే. పరీక్ష పెట్టి నన్ను తీస్కోలే. సార్ చెప్పిన జవాబు రాసినందుకు తీస్కోలే. నేను ఊరికి పోయి చేన్ల పనికి పోతుంటే, సార్ మా ఊరికొచ్చిండు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిసొచ్చిండు. మా నాయనతోని మాట్లాడి పిలుసుకొచ్చిండు. రెండేండ్లు సార్ ఇంట్లనే ఉన్న. అమ్మ అన్నం పెట్టింది, సార్ చదువు చెప్పిండు.”

సమోసాలు పంచుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

“ఆ కీ మీద ఎవరు సంతకం పెట్టిన్రో నాకు ఇప్పటికి తెల్వది. చానసార్లు అడిగిన. సార్ చెప్పలే. ‘ఎవరైతే ఏంటమ్మా, నువ్వు చదువుకో’ అనేటోడు.”

నేను రెండో వరసలో కూర్చున్నాను. ఆమె చూపు వరసల మీదుగా వెళ్ళి నా మీద కూడా ఒక క్షణం ఆగింది. గుర్తుపట్టి, కొంచెం నవ్వింది. గౌరవంగా.

డైరెక్టర్ చప్పట్లు కొడుతూ లేచి మైకు అందుకున్నారు. “చూసిన్రా, మన విద్యార్థికి సారంటే ఎంత ప్రేమ! సార్ సముద్రం లాంటి మనిషి. ఎవరేమన్నా, ఎన్ని బాధలొచ్చినా అన్ని తన కడుపుల దాచుకున్నడు.” అందరూ చప్పట్లు కొట్టారు. “ఇప్పుడు సార్‌తో నాలుగేండ్లు కలిసి పనిచేసిన మన ఇంచార్జి మేడమ్ మాట్లాడుతరు.”

లేచాను. మైకు దాకా నడిచేటప్పుడు చెప్పాలనే అనుకున్నాను. నేనే పెట్టాను అని. నాలుగు మాటలు కూడా లేవు. మైకు పట్టుకున్నాక నా నోట్లోంచి వచ్చింది ఇది: “సార్ క్రమశిక్షణ గల వ్యక్తి. సమయపాలనలో మాకందరికీ ఆదర్శం. వారి లోటు తీరనిది. వారి కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి.” చప్పట్లు. వచ్చి కూర్చున్నాను. పక్కనున్నాయన “బాగా మాట్లాడిన్రు మేడమ్” అన్నాడు.

సభ ముగియకముందే ఆయన భార్య లేచి బయటికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆవిడ మెట్ల దగ్గర గోడ పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నారు. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ లేరని చూసుకునే చెప్పాను.

“అమ్మా, ఆ కీ మీద సంతకం పెట్టింది నేనే.”

ఆవిడ తలెత్తి చూశారు. “ఇందాక ఆ పిల్ల చెప్పింది, అదాండీ?”

“అవునమ్మా.”

ఆవిడ రెండో చెప్పు వేసుకున్నారు. తిడతారనుకున్నాను. సార్ మీ గురించి చెప్పి బాధపడేవారు అంటారనుకున్నాను. అంతకన్నా సిగ్గుమాలిన ఆశ ఒకటి లోపల ఉంది, సార్ మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశారు అంటారని.

“సార్ నన్ను బాగ తిట్టుకునేటోళ్ళా అమ్మా?” అన్నాను.

“లేదండీ,” అన్నారు ఆవిడ. గుర్తు చేసుకోవడానికి నిజంగా ప్రయత్నించారు. నుదురు ముడతపడింది. “ఆయన అందరి గురించీ చెప్పేవారు. ఓడ మీద వంటాయన దగ్గర్నుంచి, ఇక్కడ చాయ్ కొట్టాయన దాకా. మీ గురించి ఎప్పుడూ ఏం చెప్పలేదండీ. ఇక్కడ ఒక మేడమ్ ఉన్నారనే నాకు తెలీదు.”

ఆవిడకు నా ముఖం చూసి జాలేసిందేమో, మర్యాదకు ఏదో ఒకటి అడగాలని అడిగారు.

“ఇంతకీ మీరేం చెప్తారండీ ఇక్కడ?”

“ఎకానమీ అమ్మా.”

“ఓహో,” అన్నారు. ఖాకీ యూనిఫాం అమ్మాయి బయటికి వచ్చి, “నమస్తే మేడమ్, పోయొస్తం” అని నాకు చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దించసాగింది. ఒక్కో మెట్టుకూ ఆగుతూ దిగారు.

హాల్లోంచి మైకులో డైరెక్టర్ గొంతు వినపడింది. “ఇంచార్జి మేడమ్ ఏడున్నరు? గ్రూప్ ఫొటోకు రమ్మనుండ్రి.”

వెళ్ళాను. ముందు వరసలో, ఫ్లెక్స్‌కు ఎడమ పక్కన చోటు ఖాళీగా ఉంచారు. వెళ్ళి నిలబడ్డాను.